గాజు సైజు

పాతబస్తీ లాడ్‌బజార్‌లో గాజులు కొనబోతే ముందడిగేది సైజే. రెండు నాలుగా, రెండు ఆరా? ఒకే సైజు అన్ని చేతులకీ పట్టదని అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. భౌతికశాస్త్రం ఒప్పుకోవడానికి మాత్రం ఇరవై ఏళ్లు పట్టింది.

గురుత్వాకర్షణనీ విద్యుదయస్కాంతాన్నీ కలపడానికి కలుజా ఐదో మితిని ఊహించాడు. ఆ వ్యాసం ఐన్‌స్టీన్ దగ్గర రెండేళ్లు ఆగి 1921లో వెలువడింది. ఆ మితి చిన్న వలయంగా చుట్టుకుని ఉంది కనకే కనబడదని 1926లో క్లైన్ అన్నాడు. కడ్డీకి తొడిగిన గాజులు దూరానికి ఒక్క గీతలా కనిపించినట్టే. కానీ గాజు గాజుకీ సైజు మారొచ్చు కదా! చోటు చోటుకీ మారే ఆ సంఖ్యే అదిశ క్షేత్రం. క్లైన్ దాన్ని స్థిరం అనేశాడు. అడ్డొచ్చినదాన్ని స్థిరం అని రాసేసుకోవడం మనకి తెలియని పద్ధతేం కాదు.

కానీ దాని సమీకరణం ఎక్కడికీ పోలేదు. క్షేత్రాన్ని కదలనివ్వకపోతే విద్యుత్, అయస్కాంత క్షేత్రాల బలం ప్రతిచోటా సమానం కావాలంటుంది. అప్పుడు కదలని ఒక్క విద్యుదావేశానికి కూడా చోటుండదు! 1940లలో జోర్డాన్, తీరీ దాన్ని మారనిచ్చారు.

పూర్తిగా వదిలేసినా చిక్కే, ఎవరూ చూడని కొత్త ఆకర్షణ పుడుతుంది. లిసా రాండాల్, రామన్ సుంద్రం 1999 నమూనాలో రెండు పొరల మధ్య దూరం ఇలాగే తేలకుండా మిగిలింది. గోల్డ్‌బర్గర్, వైజ్ దాన్ని ఒకచోట నిలిపారు, కాస్త కంపించే వీలుంచి. ఆ కంపనం పేరు రేడియాన్. జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సిలో వెతికారు, ఇంకా దొరకలేదు.