ఊపిరితిత్తులలో లోహధూళి: రక్షక కణాలు ఏమి చేస్తాయి?

బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని తోరణగల్లు పరిసరాలలో ఇనుప ఖనిజం, మాంగనీసు, ఉక్కు ఎందరికో జీవనాధారాలు. ఎర్రదుమ్ము ఇక్కడివారికి కొత్త కాదు. తెలుగులో దుమ్మన్నా, కన్నడంలో ధూళు అన్నా, శ్వాసతో లోనికి పోయిన తరువాత దాని గతి ఏమిటో తెలుసుకోవడం అవసరం.

పది మైక్రోమీటర్లకు మించిన రేణువులు చాలావరకు ముక్కు, గొంతులలోనే చిక్కుకుంటాయి. శ్వాసనాళాలలోని శ్లేష్మం, శైలికలు మరికొన్నింటిని పైకి నెట్టగా అవి కఫంతో వెలుపలికి వస్తాయి. 2.5 మైక్రోమీటర్లకన్న సూక్ష్మమైనవి వాయుగోణులను చేరగలవు. అక్కడ శైలికలు లేవు. కాపలా బాధ్యత స్థూలభక్షక కణాలది. వైద్యులు వీటిని మాక్రోఫేజ్‌లంటారు. కణాలు పరాయి వస్తువును మింగి శరీరాన్ని రక్షిస్తాయన్న సంగతిని 1882లో ఎలీ మెచ్నికోవ్ నక్షత్రచేప డింభకాలలో గుర్తించాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ కణం రేణువును చుట్టుముట్టి, ఒక సంచిలో బంధించి, దానిపై ఆమ్లాన్ని, ఎంజైములను ప్రయోగిస్తుంది. సూక్ష్మజీవి అయితే జీర్ణమవుతుంది. లోహం మూలకం కనుక దానిని నశింపజేయడం సాధ్యం కాదు. కరిగి అయానులుగా మారుతుంది, లేదా అలాగే ఉండిపోతుంది. కరిగిన లోహాలకు మరొక ప్రవేశమార్గం కూడా ఉంది. ఉదాహరణకు విషలోహమైన కాడ్మియం, జింకు, మాంగనీసుల కోసం ఉన్న వాహక ప్రోటీన్ల ద్వారానే కణంలోనికి చొరబడుతుంది.

ఇనుము ఈ కణాలకు పరిచితమే. సుమారు 120 రోజులు జీవించిన ఎర్ర రక్తకణాలను ప్లీహం, కాలేయాలలో మింగి, అందలి ఇనుమును తిరిగి శరీరానికి అందించేవి ఇవే. ఒక్క ఫెరిటిన్ అణువు దాదాపు 4,500 ఇనుప పరమాణువులను భద్రపరచగలదు. కాడ్మియం, జింకులను బంధించే మెటలోథయోనీన్‌ను 1957లో గుర్రం మూత్రపిండం నుండి వేరుచేశారు. అయితే బంధానికి చిక్కని ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చర్య జరిపి, కణత్వచాన్నీ డీఎన్ఏనూ దెబ్బతీసే తీక్ష్ణమైన పదార్థాలను పుట్టిస్తుంది.

భారం మించినపుడు కణం సైటోకైన్లనే రసాయన సంకేతాలను వెలువరిస్తుంది. జింకు పూత గల రేకులను వెల్డింగ్ చేసినవారికి కొన్ని గంటల తరువాత వచ్చే చలిజ్వరానికి కారణం ఇదే. అది సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది. మెదడులోని మైక్రోగ్లియా అనే రక్షక కణాలు అధిక మాంగనీసుకు ఇదే విధంగా స్పందించి నాడీకణాలకు హాని చేయగలవు.

ఇనుప ధూళి వలన ఊపిరితిత్తులలో ఏర్పడే స్థితికి 1867లో జర్మన్ వైద్యుడు జెంకర్ 'సిడెరోసిస్' అని పేరు పెట్టాడు. ఎక్స్‌రేలో మచ్చలు కనిపించినా, కేవలం ఇనుమే అయితే శ్వాసశక్తి అంతగా తగ్గకపోవచ్చు. కాని ఖనిజధూళిలో సిలికా కలిసి ఉండవచ్చు. సిలికా స్ఫటికాలు తమను మింగిన కణాన్నే చంపుతాయి. చనిపోయిన కణం నుండి వెలువడిన స్ఫటికాలను మరొక కణం మింగుతుంది. ఈ పరంపరలో ఊపిరితిత్తి గట్టిపడి సిలికోసిస్‌గా మారుతుంది. క్షయ సోకే ప్రమాదమూ పెరుగుతుంది. లోహపు పొగ పీల్చేవారికి న్యుమోనియా ముప్పు ఎక్కువ కనుక బ్రిటన్‌లో వెల్డింగ్ కార్మికులకు న్యుమోకోకల్ టీకా సిఫారసు చేశారు.

1948 నాటి కర్మాగారాల చట్టం సిలికోసిస్‌ను, మాంగనీసు విషప్రభావాన్ని అధికారులకు తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. అందుచేత దగ్గు, ఆయాసంతో వైద్యుని వద్దకు వెళ్ళినపుడు ఏ పని, ఎన్నేళ్ళు చేశారో తప్పక చెప్పాలి. చెప్పకపోతే సిలికోసిస్‌ను క్షయగా పొరబడే అవకాశం ఉంది.

రక్షక కణాలకు ఓపిక ఉంది, కాని దానికి హద్దు కూడా ఉంది. దుమ్ము లేచేచోటనే నీరు చల్లడం, లారీలపై పట్టా కప్పడం, సన్నని ధూళిని ఆపగల మాస్కు ధరించడం, శైలికలను చెరిచే బీడీ మానడం వాటి భారాన్ని తగ్గిస్తాయి. ముఖానికి కట్టుకున్న తువ్వాలు అత్యంత సూక్ష్మమైన ధూళిని ఆపలేదు.