హాట్ రాడ్: పాత కారు రాకెట్‌లా ఎలా మారుతుంది? ఇంజిన్ కంటే ముందు బ్రేకులు.. రీల్స్‌లో చూపించని అసలు పని ఇదే!

షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. లోపల దుమ్ము పట్టి, తుప్పు తిని, టైర్లు నేలకు అంటుకుపోయిన 90 ఏళ్ల నాటి కారు. కట్ చేస్తే.. 60 సెకన్లలో అదే కారు మిలమిల మెరుస్తూ, గుండెలదిరే సౌండ్‌తో రోడ్డు మీద దూసుకుపోతుంది. ఇలాంటి వీడియోలు మీ ఫోన్‌లో చాలానే కనిపించి ఉంటాయి. ఆ కార్లనే హాట్ రాడ్ అంటారు.

అయితే ఆ 60 సెకన్ల వెనుక నెలలు, ఒక్కోసారి ఏళ్ల పని ఉంటుంది. అందులో సగానికి పైగా పని వీడియోలో కనిపించదు. ఎందుకంటే అది కారు కింద జరుగుతుంది. అసలు హాట్ రాడ్ అంటే ఏంటి? దాన్ని ఎలా తయారు చేస్తారు? ఎక్కడ తప్పు చేస్తే ప్రాణాల మీదకు వస్తుంది? మన దగ్గర ఇలా చేయొచ్చా? పూర్తి వివరాలు తెలుసుకుందాం.

హాట్ రాడ్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే.. పాత కారులో బరువు తగ్గించి, పవర్ పెంచి, వేగం కోసం మళ్లీ కట్టుకున్న కారే హాట్ రాడ్. ఇది అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టిన అలవాటు. 1930ల్లో లాస్ ఏంజెలెస్ కుర్రాళ్లు చవగ్గా దొరికే పాత ఫోర్డ్ కార్లు కొని మడ్‌గార్డులు, బంపర్లు పీకేసేవారు. ఇంజిన్‌ను తమకు తోచినట్టు మార్చుకుని మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద ఎంత స్పీడ్ వస్తుందో చూసుకునేవారు.

ఈ పిచ్చికి ఓ పద్ధతి తేవడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ మోజు ఇంకా పెరిగింది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ 'హాట్ రాడ్' పత్రికను తీసుకొచ్చారు. మరోవైపు వీధుల్లో రేసులు, వాటితో పాటే ప్రమాదాలు కూడా పెద్ద సమస్యగా మారాయి. దీంతో ఆ పత్రిక ఎడిటర్ వాలీ పార్క్స్ నాయకత్వంలో 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ మొదలైంది. రేసులను వీధుల నుంచి ట్రాక్‌ల మీదకు తీసుకెళ్లడం, వాటికి భద్రతా నియమాలు పెట్టడమే దాని ఉద్దేశం.

అందరూ 1932 ఫోర్డ్ వెంటే ఎందుకు పడతారు?

హాట్ రాడ్ ప్రపంచంలో 1932 ఫోర్డ్‌కు ఉన్న క్రేజ్ వేరు. '32'లోని చివరి అంకె 2 కాబట్టి దాన్ని ముద్దుగా 'డ్యూస్' అంటారు. పేకాటలో 2వ నంబర్ ముక్కకు ఉన్న పేరు అది. 1973లో వచ్చిన 'అమెరికన్ గ్రాఫిటీ' సినిమాలోని పసుపు కారు ఇదే మోడల్.

కారణం ఇంజిన్. సామాన్యులు కొనగలిగే ధరలో వీ8 ఇంజిన్‌ను ఫోర్డ్ ఇచ్చింది ఆ ఏడాదే. 221 క్యూబిక్ అంగుళాల సామర్థ్యం, 65 హార్స్‌పవర్. ఇప్పటి లెక్కలో చిన్న హ్యాచ్‌బ్యాక్ పవర్ అంతే! కానీ అప్పట్లో అది సంచలనం. వాల్వ్‌లు పైన హెడ్‌లో కాకుండా కింద బ్లాక్‌లోనే ఉండటంతో హెడ్ చదునుగా ఉంటుంది. అందుకే దీనికి 'ఫ్లాట్‌హెడ్' అనే పేరు వచ్చింది. దీంతో పాటు అంతకు ముందటి మోడల్ ఏ కంటే 1932 కారు షాసీ గట్టిది. కారు కూడా తేలిక. కుర్రాళ్లకు ఇంకేం కావాలి?

స్టెప్ 1: ముందు కాగితాలు, తర్వాతే కారు

ఇప్పుడు హాట్ రాడ్ కట్టాలంటే మూడు దారులున్నాయి. ఒకటి, అప్పటి అసలు ఇనుప బాడీ. ఇది దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువే. రెండు, పాత కొలతలతోనే కొత్తగా తయారు చేసే స్టీల్ బాడీ. మూడు, ఫైబర్‌గ్లాస్ బాడీ. ఇది తుప్పు పట్టదు, చవక కూడా. కానీ లోపల స్టీల్ ఫ్రేమ్ లేకపోతే తలుపులు సరిగా పడవు.

ఏది కొన్నా షాసీ నంబర్, ఓనర్ కాగితం ఒకదానితో ఒకటి సరిపోవాల్సిందే. ఇక్కడ తేడా వస్తే ఎంత ఖర్చు పెట్టినా ఆ కారు రోడ్డెక్కదు.

స్టెప్ 2: విప్పడం.. తుప్పు వదిలించడం

విప్పే ముందు ప్రతి భాగానికీ ఫోటో తీయాలి. నట్లు, బోల్టులు విడివిడిగా కవర్లలో వేసి పేర్లు రాసుకోవాలి. ఏడాది తర్వాత బిగించేటప్పుడు ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు మరి!

తుప్పు వదిలించడంలో కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. ఇసుకను ప్రెషర్‌తో కొట్టే శాండ్ బ్లాస్టింగ్ షాసీ లాంటి మందపాటి ఇనుముకు బాగానే పనిచేస్తుంది. అదే పని తలుపులు, టాప్ లాంటి పల్చటి రేకు మీద చేస్తే రేకు వంకర్లు తిరుగుతుంది. మళ్లీ దాన్ని సరిచేయడం మంచి డెంటర్‌కు కూడా తలనొప్పే. అందుకే రేకుకు సోడా, ప్లాస్టిక్ రేణువులు లేదా కెమికల్ వాడతారు. తుప్పు తినేసిన చోట పుట్టీతో పూడ్చితే ఫోటోలో బాగుంటుంది కానీ ఎక్కువ కాలం ఆగదు. ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డ్ చేయాల్సిందే.

స్టెప్ 3: షాసీకి బలం

1932 కారు షాసీ పట్టాలు లోపలి వైపు తెరిచి ఉన్న ఇంగ్లిష్ 'సీ' ఆకారంలో ఉంటాయి. 65 హార్స్‌పవర్‌కు అది చాలు. 300 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టి యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం షాసీ మెలికలు తిరుగుతుంది. అందుకే తెరిచి ఉన్న వైపు స్టీల్ ప్లేట్ వెల్డ్ చేసి డబ్బాలా మూసేస్తారు. దీన్ని 'బాక్సింగ్' అంటారు. మధ్యలో ఇంగ్లిష్ 'ఎక్స్' ఆకారంలో అడ్డ దూలాలు కూడా వేస్తారు. ఈ పని చేసేటప్పుడు షాసీని చదునైన బల్ల మీద గట్టిగా బిగించాలి. లేదంటే వెల్డింగ్ వేడికి అదే వంగిపోతుంది.

స్టెప్ 4: బ్రేకులు, స్టీరింగ్.. అసలు కథ ఇక్కడే

1932 ఫోర్డ్ బ్రేకులు ఎలా పనిచేసేవో తెలుసా? ఇనుప రాడ్లతో. పెడల్ తొక్కితే రాడ్లు లాగుతాయి, లోపల షూ పట్టుకుంటుంది. ఆయిల్ బ్రేకులు, అంటే హైడ్రాలిక్ బ్రేకులను ఫోర్డ్ 1939 మోడల్‌లో గానీ ఇవ్వలేదు. అందుకే పాతకాలం హాట్ రాడర్లు స్క్రాప్ యార్డులకు వెళ్లి 1939 తర్వాతి ఫోర్డ్ బ్రేకులు తెచ్చి తమ కార్లకు బిగించుకునేవారు. వేగం మీద మోజున్న ఆ కుర్రాళ్లే బ్రేకుల కోసం అంత తిరిగారంటే కారణం ఉంది.

కారు వేగం రెట్టింపైతే దాన్ని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి రెట్టింపు కాదు.. 4 రెట్లు. వేగం 3 రెట్లయితే 9 రెట్లు. ఇంజిన్ మార్చి బ్రేకులు పాతవే ఉంచితే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది.

ఇప్పుడు హాట్ రాడ్ కట్టేవాళ్లు తప్పకుండా చూసుకోవాల్సినవి ఇవి:

- మాస్టర్ సిలిండర్ రెండు గదులది ఉండాలి. ఒక లైన్ లీకైనా రెండో లైన్‌తో కారు ఆగుతుంది. పాత సింగిల్ సిలిండర్‌లో ఒక్క పైపు పగిలితే మొత్తం బ్రేకులు పోతాయి.
- చాలా హాట్ రాడ్‌లలో మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద ఉంటుంది. అంటే చక్రాల దగ్గరి బ్రేకుల కంటే కిందకి. అప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోతుంది. మొదటిసారి తొక్కితే పెడల్ నేలకు తగులుతుంది. దీనికి రెసిడ్యువల్ ప్రెషర్ వాల్వ్ పెట్టాలి. మామూలుగా డిస్క్ బ్రేకులకు 2 పీఎస్‌ఐ, డ్రమ్ బ్రేకులకు 10 పీఎస్‌ఐ వాల్వ్ వాడతారు. చిన్న భాగమే, కానీ ఇది లేకపోతే చాలా ప్రమాదం.
- ముందు ఆక్సిల్ పైన అడ్డంగా ఒకే కమాన్ కట్ట ఉంటుంది. కారు ఎత్తు తగ్గించడానికి మధ్యలో కిందకు వంచిన 'డ్రాప్డ్ ఆక్సిల్' వేస్తారు. ఎత్తు తగ్గాక స్టీరింగ్ రాడ్ల కోణం కూడా మారుతుంది. అది సరిచేయకపోతే గుంత తగిలిన ప్రతిసారీ స్టీరింగ్ దానంతట అదే పక్కకు లాగుతుంది.
- ముందు చక్రాలకు క్యాస్టర్ కోణం సాధారణంగా 5 నుంచి 7 డిగ్రీల మధ్య పెడతారు. ఇది తక్కువైతే స్పీడ్‌లో కారు నిలకడగా పోదు.

స్టెప్ 5: ఇప్పుడు ఇంజిన్!

పాత పద్ధతి ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఫ్లాట్‌హెడ్‌నే వాడతారు. దానికి రెండు లేదా మూడు కార్బరేటర్లు, అల్యూమినియం హెడ్లు, కొత్త క్యామ్‌షాఫ్ట్ వేస్తారు. లాస్ ఏంజెలెస్ మెకానిక్ విక్ ఎడెల్‌బ్రాక్ 1938లో తన డ్యూస్ కోసం తయారు చేసుకున్న రెండు కార్బరేటర్ల మేనిఫోల్డ్ తర్వాత పెద్ద కంపెనీకే పునాది అయ్యింది.

అయితే ఫ్లాట్‌హెడ్‌కు ఓ జబ్బుంది.. వేడెక్కడం. పొగ బయటకు వెళ్లే దారులు బ్లాక్ మధ్య నుంచే, నీళ్లు తిరిగే గదులను ఆనుకుని పోతాయి. అందుకే బ్లాక్‌లో పగుళ్లు వస్తాయి. పాత బ్లాక్ కొంటే డబ్బులిచ్చే ముందే పగుళ్ల టెస్ట్ చేయించాలి. మంచి రేడియేటర్ తప్పనిసరి.

1955లో షెవర్లే చిన్న సైజు వీ8 రావడంతో ఆట మారిపోయింది. 265 క్యూబిక్ అంగుళాల ఆ ఇంజిన్ మామూలు వెర్షన్‌లోనే 162 హార్స్‌పవర్ ఇచ్చింది. బరువు తక్కువ, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. అప్పటి నుంచి ఫోర్డ్ బాడీలో షెవర్లే ఇంజిన్ అనేది మామూలు విషయమైంది. ఇంజిన్ మారిందంటే గేర్‌బాక్స్, వెనుక ఆక్సిల్ కూడా ఆ పవర్‌ను తట్టుకునేవే వేయాలి.

స్టెప్ 6: టాప్ కోసేస్తారు!

హాట్ రాడ్‌కు ఆ కోపంగా చూస్తున్నట్టుండే లుక్ ఎలా వస్తుంది? టాప్‌ను పట్టుకునే స్తంభాలను కొన్ని అంగుళాలు కోసి, టాప్‌ను కిందకు దించి మళ్లీ వెల్డ్ చేస్తారు. దీన్ని 'చాపింగ్' అంటారు. వినడానికి తేలికే. కానీ ముందు స్తంభాలు కాస్త వాలుగా ఉంటాయి కాబట్టి కోసి దించితే పై ముక్క, కింది ముక్క కలవవు. స్తంభాన్ని వంచాలి, లేదంటే టాప్‌నే పొడవు చేయాలి. అద్దాలు కూడా కొత్త కొలతకు కోయించాలి. బాడీని షాసీ మీదకు కాకుండా షాసీ చుట్టూ కిందకు దించి బిగించడాన్ని 'చానెలింగ్' అంటారు.

స్టెప్ 7: రెండుసార్లు బిగించాలి

అనుభవం ఉన్నవాళ్లు పెయింట్ వేయకముందే కారు మొత్తం ఒకసారి బిగించేస్తారు. ఇంజిన్, సైలెన్సర్ పైపులు, వైరింగ్, సీటు.. అన్నీ. సైలెన్సర్ స్టీరింగ్‌కు తగులుతోందా? పెడల్‌కు కాలు అందుతోందా? ఇవన్నీ అప్పుడే తేలతాయి. తర్వాత మళ్లీ మొత్తం విప్పి పెయింట్ వేసి చివరిసారి బిగిస్తారు. పెయింట్ అయ్యాక వెల్డింగ్ మెషిన్ పట్టుకోవాల్సి వస్తే ఆ బాధ పగవాడికి కూడా వద్దు!

వైరింగ్ కూడా కొత్తదే వేయాలి. పాత ఫోర్డ్‌లో 6 వోల్టుల కరెంటు. పైగా బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. ఇప్పటి పార్టులకు 12 వోల్టులు, నెగటివ్ ఎర్త్ కావాలి. గుడ్డ చుట్టిన పాత వైర్లను అలాగే ఉంచితే మంటలకు పిలిచి పీట వేసినట్టే.

అమెరికాలో నేషనల్ స్ట్రీట్ రాడ్ అసోసియేషన్ ఇలాంటి కార్లకు 23 అంశాలతో భద్రతా పరీక్ష చేస్తుంది. స్టీరింగ్, బ్రేకులు, పెట్రోల్ లైన్లు, వైరింగ్ లాంటివి అందులో చూస్తారు. ఎంత పవర్ ఉందన్నది అక్కడ లెక్కలోకి రాదు.

అసలైన పాత కారును కోయాలా.. వద్దా?

ఇదే పెద్ద గొడవ. ఒకసారి టాప్ కోసి, షాసీ మార్చాక ఆ కారు మళ్లీ పాత రూపానికి రావడం దాదాపు అసాధ్యం. 1940ల్లో ఈ కార్లు చవగ్గా దొరికేవి. ఇప్పుడు చెక్కుచెదరని 1932 కారు ఒక్కటి కోస్తే అలాంటిది లోకంలో ఒకటి తగ్గినట్టే. అందుకే చాలామంది ఇప్పుడు కొత్త స్టీల్ బాడీతో గానీ, ఎప్పుడో పాడైపోయిన బాడీతో గానీ హాట్ రాడ్ కడుతున్నారు.

మరోవైపు ఒకప్పుడు 'పాడుచేసిన కార్లు' అని తీసిపారేసిన పాత హాట్ రాడ్‌లకే ఇప్పుడు గౌరవం దక్కుతోంది. అరుదైన క్లాసిక్ కార్లకు పేరుపొందిన పెబుల్ బీచ్ ప్రదర్శనలో 1997లో హాట్ రాడ్‌లకు ప్రత్యేక విభాగం పెట్టారు.

మన దగ్గర చేయొచ్చా?

తాతగారి అంబాసిడర్‌నో, ఫియట్‌నో హాట్ రాడ్ చేద్దామనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఆ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలకు రూ.20 వేల ఫీజుతో పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు. కానీ షరతు ఏంటంటే.. షాసీ, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే హాట్ రాడ్ చేసిన మరుక్షణం ఆ కారు వింటేజ్ హోదా కూడా పోగొట్టుకుంటుంది. కాబట్టి మన దగ్గర పాత కారుకు మంచి దారి.. ఉన్నది ఉన్నట్టు బాగుచేసుకోవడమే. కటింగ్ మెషిన్ పట్టుకునే ముందు ఒకసారి ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

ఇక అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఓ మాట. అక్కడ కూడా రూల్స్ రాష్ట్రానికో రకం. కారు కొనే ముందే మీ రాష్ట్ర డీఎంవీ నిబంధనలు చూసుకోవాలి.

ఈసారి మీ ఫోన్‌లో హాట్ రాడ్ వీడియో వస్తే.. ఇంజిన్ సౌండ్ విని ఆగిపోకండి. వీడియో పాజ్ చేసి ముందు చక్రాల వెనుక ఏ బ్రేకులున్నాయో చూడండి. ఆ కారు కట్టినవాళ్లకు పని తెలుసో లేదో అక్కడే తెలిసిపోతుంది.