సిలికా జెల్: వేడితో మారే అధిశోషణ గుణం

సోడియం సిలికేట్ ద్రావణంలో ఆమ్లం కలిపితే ముద్దలా గడ్డకడుతుంది. దాన్ని కడిగి ఆరబెడితే వచ్చేదే సిలికా జెల్. పేరులో జెల్ ఉన్నా చేతికి గాజుపలుకుల్లా గట్టిగా తగులుతుంది. ఒక్క గ్రాములోని సూక్ష్మ రంధ్రాల గోడలను పరిస్తే వందల చదరపు మీటర్లు వస్తాయి. ఆవిరులు ఈ గోడలకు అంటుకోవడమే అధిశోషణం. పదార్థం లోపలికంటా ఇంకే శోషణం వేరు. జెల్‌ను ఎంత వేడి చేశారన్నదాన్ని బట్టి ఈ అంటుకునే గుణం మారుతుంది.

కొల్లాయిడ్ అనే మాటను వాడుకలోకి తెచ్చిన థామస్ గ్రాహం 1860లలో ఈ జెల్‌ను పరిశీలించాడు. 1890లలో లైడెన్‌లో వాన్ బెమ్మెలెన్ దాన్ని మెల్లగా ఆరబెడుతూ, ఒక దశలో స్వచ్ఛమైన జెల్ సున్నపురాయిలా తెల్లబారి, ఇంకా ఆరితే మళ్లీ తేటపడటం గమనించాడు. వాల్టర్ పాట్రిక్ బాల్టిమోర్‌లో రూపొందించిన తయారీ పద్ధతికి 1919లో పేటెంట్ వచ్చింది. అప్పటికి ఆసక్తి అంతా రంధ్రాల మీదే. వాటి గోడల మీద ఏముందని అడిగినవారు తక్కువ.

ఆ ప్రశ్నకు జవాబు 1930లలో మొదలైంది. సిలికా ఉపరితలాన హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయని 1934లో హాఫ్‌మన్, 1936లో సోవియట్ రసాయనవేత్త ఎ.వి. కిసెలేవ్ ప్రతిపాదించారు. వేడి చేసినప్పుడు వచ్చే నీరంతా గోడకు అంటిన తేమ కాదని, అందులో కొంత ఈ గుంపుల నుంచే పుడుతోందని కిసెలేవ్ వాదన. సిలికాన్‌ను పట్టుకున్న ఈ హైడ్రాక్సిల్‌ను సిలనాల్ అంటారు. పక్కపక్కనున్న రెండు సిలనాల్‌లు ఒక నీటి అణువును వదిలి, మధ్యలో ఆక్సిజన్ వంతెనతో సిలోక్సేన్‌గా మిగులుతాయి. సిలనాల్ నీటిని హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుంది, సిలోక్సేన్‌కు నీరంటే అంతగా పట్టదు. మొత్తం కథ ఈ ఒక్క తేడా మీద నడుస్తుంది.

ఎల్.టి. జురావ్లెవ్ మాస్కోలో, హైడ్రాక్సిల్‌లలోని హైడ్రోజన్ బదులు డ్యూటీరియం (భార హైడ్రోజన్) చేర్చి లెక్కించే మార్పిడి పద్ధతితో వందదాకా సిలికా నమూనాలను ఓపికగా కొలిచాడు. 1987లో వెలువడిన ఆ ఫలితాలు ఈ రంగానికి మూలస్తంభం. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద అంటిన నీరు పోయాక, నమూనా ఏదైనా చదరపు నానోమీటరుకు దాదాపు 4.6 హైడ్రాక్సిల్‌లు మిగులుతాయి. 400 డిగ్రీలకు అవి సగానికి, 600కు సుమారు 1.5కు, 800కు ఒకటికన్నా తక్కువకు దిగుతాయి. 400 డిగ్రీల లోపు వేడి చేసిన జెల్‌కు తేమ తగిలితే హైడ్రాక్సిల్‌లు దాదాపుగా తిరిగొస్తాయి. అది దాటితే తిరిగి రావడం కష్టమవుతుంది, వచ్చినా చాలా నెమ్మదిగా. ఇంకా వేడెక్కితే రంధ్రాలే కూలి, వైశాల్యం తరిగిపోతుంది.

వేడి దెబ్బ అన్ని ఆవిరుల మీదా ఒకేలా పడదు. హైడ్రాక్సిల్‌లు పోయాక బెంజీన్ అధిశోషణం బాగా తగ్గుతుంది, హెక్సేన్‌ది పెద్దగా మారదు. కిసెలేవ్ బృందం చూపిన ఈ పోలికలో అందం ఉంది: రంధ్రాలు అవే, గోడ స్వభావమే మారింది.

మిశ్రమాలను వేరుచేసే క్రొమటోగ్రఫీలో 1941లో మార్టిన్, సింజ్ ఈ జెల్‌ను నీటిని నిలిపి ఉంచే ఆధారంగా వాడారు. ఆ విభజన పద్ధతికి 1952లో నోబెల్ బహుమతి దక్కింది. 1950లలో ఎగోన్ స్టాల్ పలుచని పొర పద్ధతికి ప్రామాణిక రూపమిచ్చాడు. ఆ పలకలను 105–110 డిగ్రీల వద్ద అరగంట వేడి చేయడం నేటికీ ప్రయోగశాలల అలవాటు. దాన్ని ఉత్తేజపరచడం అంటారు గానీ, జరిగేది అంటిన నీటిని తోలి సిలనాల్‌లను ఖాళీ చేయడమే.

విద్యుత్ సబ్‌స్టేషన్లలో ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే గాలిని ఆరబెట్టే బ్రీదర్‌లోని నీలి జెల్ తేమ పట్టి గులాబీ రంగుకు మారితే వేడి చేసి తిరిగి వాడతారు. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది. అది ఆరోగ్యానికి హానికరమని తేలాక చాలాచోట్ల నారింజ రంగు జెల్ వచ్చింది. రెండింటినీ 120 డిగ్రీల ప్రాంతంలోనే ఆరబెడతారు. మరీ కాలిస్తే జెల్ కంటే ముందు రంగు పాడవుతుంది.