గోషా స్టూడియోలో ఎవరి చూపు?

ఫోటోగ్రఫీలో అనుకరణ తొలిమెట్టనీ, ఆ తర్వాత ఎవరి ముద్ర వాళ్లకి ఏర్పడుతుందనీ చెప్తుంటారు. హైదరాబాద్ ఫోటోల చరిత్ర చూస్తే, ఈ క్రమం ఎవరికి వర్తించిందో ముందు అడగాలనిపిస్తుంది.

లాలా దీన్ దయాళ్ (1844-1905)కి వర్తించింది. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1874 ప్రాంతంలో ఇందోర్‌లో కెమెరా పట్టారు. ఆయన తీసిన కట్టడాల ఫోటోల్లో శామ్యూల్ బోర్న్ వంటి ఆంగ్లేయులు స్థిరపరిచిన పద్ధతి కనిపిస్తుంది. తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యారు. దర్బార్లు, వేటలు, విందులు తీశారు. ఇవాళ వాటిని చూడగానే 'దీన్ దయాళ్ శైలి' అంటాం.

1892లో ఆయనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపలికి మగవాళ్లు రాకూడదు. నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల స్త్రీ. చరిత్ర పుస్తకాల్లో ఆమె 'మిసెస్'గానే, అంటే భర్త ఇంటిపేరుతోనే కనిపిస్తుంది.

కుర్చీ, పక్కన చిన్న బల్ల, వెనక తెర. ఆ కాలపు స్టూడియోలన్నీ యూరప్ నుంచి తెచ్చుకున్న సరంజామా ఇదే. దాని మధ్య కూర్చున్న బేగంని విక్టోరియా కాలపు దొరసానికి నకలు అనేయడం సులువు. నేనలా అనలేను. తీసేదీ స్త్రీ, తీయించుకునేదీ స్త్రీ అయిన గది అంతకుముందు ఈ ఊళ్లో ఎన్నడుంది?

అయితే గోషా పాటించే స్త్రీ బొమ్మ అంగట్లో అమ్ముడయ్యేది కాదు, ఇంటి ఆల్బంలోనే ఉండాలి. దీన్ దయాళ్ తీసినవి ఊరూరా తిరిగాయి. పదిమంది చూసి అనుకరిస్తేనే కదా దాన్ని శైలి అంటాం! ఆ అవకాశం గోడల లోపలి చూపుకి లేకపోయింది. పైగా స్టూడియో పేరు దీన్ దయాళ్‌దే.

ఇది ఒక్క హైదరాబాద్ సంగతే కాదు. భారతదేశపు తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్‌గా పేరుపొందిన హోమాయ్ వ్యారావాలా (1913-2012) తొలి ఫోటోలు కూడా భర్త పేరుతోనే అచ్చయ్యాయి.

పేరులోనే నిజాంని మోస్తున్న మా నిజాంపేటలో ఇప్పుడు పెళ్లి ఫోటోలు తీసే అమ్మాయిలున్నారు. పెళ్లివారు ఫోన్‌లో ఎవరిదో ఫోటో చూపించి "అచ్చం ఇలాగే కావాలి" అంటారట. నాకు తెలిసిన ఒకమ్మాయి ముందు వాళ్లడిగినట్టే తీస్తుంది. తర్వాత, పెళ్లికూతురు చెప్పులు విప్పేసి కాళ్లు చాపుకున్నప్పుడు, తనకోసం ఒకటి తీసుకుంటుంది. ఆ ఫైళ్ల పేర్ల చివర తన పొడి అక్షరాలు చేరుస్తుంది. ఆల్బం మీద మాత్రం స్టూడియో యజమాని పేరుంటుంది.