చాందాకు రావాల్సిన పొగ ఓడ

మా చంద్రపూర్‌కు ఓడ వస్తుందంటే ఇప్పుడు ఎవరైనా నవ్వుతారు. సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ! కానీ నూట అరవై ఏళ్ల కింద ఇంగ్లీషువాళ్లు ఈ మాట నవ్వులాటకు అనలేదు. నదిని కొలిచి, డబ్బు పోసి, పనులు కూడా మొదలుపెట్టారు.

మ్యాపు చూస్తే దారి తెలుస్తుంది. మన వర్ధా నది వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత సిరోంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి భద్రాచలం, రాజమండ్రి మీదుగా సముద్రం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను కట్టించిన ఆర్థర్ కాటన్ దొర ఈ దారిలో పడవలు నడపాలన్నాడు. మన ఊరిని అప్పుడు చాందా అనేవారు. హింగన్‌ఘాట్ వైపు పత్తి బండ్ల మీద కాకుండా నీళ్ల మీద పోవాలని ఆయన ఆలోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయింది. అప్పుడు ఇంగ్లండ్ మిల్లులకు మన పత్తి ఇంకా అవసరమైంది.

నదికి ఇనుప స్టీమరు ఎందుకు మంచిది? ఇనుము బరువు కదా అని నేనూ అనుకున్నాను. కానీ చెక్క ఓడకు మందమైన దుంగలు కావాలి. ఇనుప ఓడకు పల్చటి రేకులు చాలు. అందుకే అది తక్కువ నీళ్లలో తేలుతుంది. ముక్కలుగా తెచ్చి ఇక్కడ రివెట్లు కొట్టి బిగించవచ్చు. గంగానదిలో 1834లోనే ఇనుప స్టీమరు నడిచింది.

ఆ కాలంలో ఓడలను కొలిచి రాసిపెట్టడం గట్టిగా జరిగేది. ఇంగ్లండ్‌లో 1854లో వచ్చిన చట్టం ప్రకారం రిజిస్టరైన ప్రతి ఓడకూ ఒక నంబరు ఇచ్చారు. దాన్ని ఓడ పెద్ద దూలం మీద చెక్కాలి. పొడవు, వెడల్పు, లోతు, టన్నులు, యజమాని పేరు రిజిస్టరులో రాయాలి.

ఓడను కొలిస్తే సరిపోదు, నదినీ కొలవాలి. ఆ పని కెప్టెన్ హేగ్ అనే ఇంజినీరు చేశాడు. ఓడ ఎంత లోతు నీళ్లు అడుగుతుంది, నది ఎంత లోతు ఇస్తుంది? ఈ రెండు లెక్కలూ కలవాలి. వానాకాలంలో కలిశాయి. ఎండాకాలంలో కలవలేదు. పైగా మూడు చోట్ల రాతి బండలు అడ్డం: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవల్‌మరి. అందుకని ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టాలనుకున్నారు. లాకులో పడవను ఉంచి తలుపులు మూసి నీళ్లు వదిలితే, పడవ మెట్టు ఎక్కినట్టు పైకి లేస్తుంది. దుమ్ముగూడెంలో ఆనకట్ట కట్టారు కూడా. కానీ అడవి జ్వరాలు కూలీలను పట్టాయి. ఖర్చు పెరిగింది. 1867లో నాగపూర్‌కు రైలు వచ్చేసింది. 1871లో పనులు ఆపేశారు.

నన్ను ఆలోచనలో పడేసింది ఒక్క విషయం. సముద్రం మీద పోయే ఓడలో బొగ్గు వేసే మనిషి పేరు కూడా నౌకర్ల పట్టీలో రాసేవారు. ఇక్కడ కాటన్, హేగ్ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. జ్వరంతోనే బండలు పగలగొట్టిన కూలీల పేర్లు మాత్రం నేను చదివినవాటిలో ఒక్కటీ కనపడలేదు. వాళ్లలో మన తెలుగువాళ్లు, గోండులు లేకుండా ఉంటారా?

మా తాతయ్యది సిరోంచ వైపు. టేకు దుంగలను తెప్పలు కట్టి గోదావరిలో రాజమండ్రి దాకా వదిలేవారని ఆయన చెబుతాడు. ఆ తెప్పలకు లాకులు అక్కర్లేదు, నది ఎప్పుడు నిండుతుందో తెలిస్తే చాలు. ఈ మాట విన్న రోజే తేదీ వేసి నోటుబుక్కులో రాసుకున్నాను. మీరూ మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఇనుప ఓడకు అంత రిజిస్టరు ఉన్నప్పుడు, మన మనుషులకు ఒక నోటుబుక్కు అయినా ఉండొద్దా?