సున్నపుకాయ నుండి 108 దాకా

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పాత ఇళ్ళలో పిల్లవాణ్ణి తేనెటీగ కుట్టిందనగానే బామ్మ చేయి తాంబూలపు పళ్ళెంలోని సున్నపుకాయ మీదికే పోయేది. తేనెటీగ విషం ఆమ్లం గనుక క్షారమే విరుగుడన్న బడిపాఠం కూడా ఆ నమ్మకాన్ని బలపరచింది.

అయితే బాధకు ముఖ్యకారణం ఆమ్లం కాదు, విషంలోని మెలిటిన్ వంటి పదార్థాలు. అవి చర్మం లోపలికి దిగుతాయి. పైపూత అక్కడికి చేరదు. పైగా సున్నం పసిచర్మాన్ని పొక్కించగలదు.

కందిరీగ సాధారణంగా ముల్లు విడువదు. తేనెటీగ ముల్లు మాత్రం విషపుతిత్తితో సహా ఒంటిలోనే నిలిచి, ఈగ పోయిన తరువాత కూడా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. దానిని గిల్లి తీయరాదు, గీకియే తీయాలని వైద్యులు చాలాకాలం చెప్పారు. 1996లో విషర్, వెటర్, కమజీన్ అనే పరిశోధకులు లాన్సెట్ పత్రికలో వేరుమాట చెప్పారు: ఎలా తీశామన్నదానికన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. సున్నపుకాయ కోసం వెదకే క్షణాలే నష్టమన్నమాట! ముల్లు తీసి, సబ్బునీటితో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ అద్దితే చాలామందికి ఉపశమనం కలుగుతుంది.

కొందరికి మాత్రం ఒక్క కాటే ప్రాణాంతకం. ఇటువంటి విపరీత ప్రతిచర్యకు 1902లో పోర్టియే, రిషే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది. ఒళ్ళంతా దద్దుర్లు, నాలుక వాపు, ఆయాసం, సొమ్మసిల్లడం కనిపించినా, నోటిలో కుట్టినా, తుట్టె కదిలి అనేక ఈగలు కుట్టినా ఇంటివైద్యం కట్టిపెట్టాలి. అనాఫిలాక్సిస్‌కు ప్రాణం నిలిపే మందు ఎడ్రినలిన్ సూది. 2005 ఆగస్టు 15న మన నగరంలోనే మొదలైన 108 సేవను పిలవడానికి క్షణమైనా జాగు చేయకండి.