మహమ్మారి కాలంలో న్యాయకళాశాలల గ్రంథాలయాలు: సేవలు, సిబ్బంది, చట్టపు హద్దులు

వ్యాససంగ్రహం:
2020లో కోవిడ్-19 కారణంగా న్యాయకళాశాలల గ్రంథాలయాలు మూతపడినప్పుడు వాటి సేవలు ఏ రూపం దాల్చాయో, ఆ సేవల భారం సిబ్బందిలో ఎవరిపై పడిందో, గ్రంథాల డిజిటల్ వితరణకు కాపీరైట్ చట్టం ఏ మేరకు అనుమతించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అమెరికా అనుభవం ప్రధానాంశం. భారతదేశ పరిస్థితి తులనాత్మకంగా ప్రస్తావించబడింది.

కీలకపదాలు: న్యాయవిద్య, గ్రంథాలయ సేవలు, కోవిడ్-19, కాపీరైట్, లైసెన్సు, డిజిటల్ వితరణ.

1. ఉపోద్ఘాతం:
రసాయనశాస్త్ర విద్యార్థి గ్రంథాలయంలో చదివి, ప్రయోగశాలలో పరీక్షిస్తాడు. న్యాయశాస్త్ర విద్యార్థికి ఆ రెండు పనులూ ఒకే చోట జరుగుతాయి. 1870 నుండి 1895 వరకు హార్వర్డ్ న్యాయకళాశాల డీన్‌గా ఉన్న క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్డెల్ తీర్పుల అధ్యయనాన్ని బోధనకు పునాదిగా చేసి, గ్రంథాలయాన్ని న్యాయశాస్త్రపు ప్రయోగశాలగా భావించాడు. ఆ భావన నూట యాభై సంవత్సరాల పాటు న్యాయవిద్యను నడిపించింది. 2020 వసంతంలో ఆ ప్రయోగశాల తలుపులు ఒక్కసారిగా మూతపడ్డాయి. మూతపడిన తరువాత కూడా అందినదేమిటి, అందనిదేమిటి, అందించినవారెవరు అనే మూడు ప్రశ్నలు ఈ వ్యాసానికి ఆధారం.

2. మూసివేత క్రమం:
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించింది. అంతకు ఒకరోజు ముందే హార్వర్డ్ విశ్వవిద్యాలయం మార్చి 15 నాటికి వసతిగృహాలు ఖాళీ చేయవలసిందిగా విద్యార్థులకు తెలిపింది. మార్చి 17న అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కార్యవర్గం విద్యాసంస్థల గ్రంథాలయాలను, పౌరగ్రంథాలయాలను పాఠకులకు మూసివేయవలసిందిగా సూచించింది. గ్రంథాలయాలు తెరిచి ఉండాలని వాదించడమే వృత్తిధర్మంగా గల సంస్థ మూసివేతను కోరడం ఈ చరిత్రలో గమనించదగిన ఘట్టం. పాఠకుడి సౌకర్యంతో పాటు సిబ్బంది ప్రాణరక్షణ కూడా గ్రంథాలయ విధానంలో భాగమేనని ఆ సూచన చాటింది. భారతదేశంలో మార్చి 25 నుండి దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి రావడంతో ఇక్కడ అలాంటి నిర్ణయానికి వ్యవధి గాని, అవసరం గాని లేకపోయింది.

3. ఇంటికి చేరిన తీర్పు, చేరని వ్యాఖ్య:
డిజిటల్ మార్పును న్యాయగ్రంథాలయాలు ఇతర గ్రంథాలయాల కంటే ముందుగానే చవిచూశాయి. లెక్సిస్ 1973లోను, వెస్ట్‌లా 1975లోను ప్రారంభమయ్యాయి. 2020 నాటికి అమెరికా న్యాయకళాశాలల విద్యార్థులు తమకు కేటాయించిన సంకేతపదంతో ఎక్కడి నుండైనా తీర్పులను, శాసనాలను చదవగలిగే స్థితిలో ఉన్నారు. హార్వర్డ్ న్యాయగ్రంథాలయం తన తీర్పుల సంపుటాల నుండి దాదాపు 4 కోట్ల పుటలను స్కాన్ చేసి, లక్షలాది తీర్పులతో 2018లోనే ‘కేస్‌లా యాక్సెస్ ప్రాజెక్ట్’ను ప్రజల ముందుంచింది.

అయితే న్యాయవిద్య తీర్పులతోనే సాగదు. పాఠ్యగ్రంథాలు, శాస్త్రవ్యాఖ్యలు, పరిశోధనగ్రంథాలు అధికభాగం ముద్రిత ప్రతులుగానే అరలలో ఉన్నాయి. ఖరీదైన పాఠ్యగ్రంథాన్ని కొనలేని విద్యార్థికి గ్రంథాలయంలో కొన్ని గంటలపాటు ఇచ్చే రిజర్వు ప్రతియే ఆధారం. మూసివేత వల్ల మొదట నష్టపోయినవాడు ఆ విద్యార్థి. చట్టపు పాఠం ఇంటికి చేరింది గాని, దానిని బోధించే గ్రంథం గ్రంథాలయంలోనే ఉండిపోయింది.

ఈ విభజనకు మూలం కాపీరైట్ చట్టంలోనే ఉంది. తీర్పు ప్రజల సొత్తు. దానిపై పండితుడు రాసిన వ్యాఖ్య ప్రచురణకర్త సొత్తు. ఈ రెంటి మధ్య సరిహద్దు ఎక్కడ అన్న ప్రశ్నకు అమెరికా సుప్రీంకోర్టు సరిగ్గా మూసివేత కాలంలోనే, 2020 ఏప్రిల్ 27న, జార్జియా రాష్ట్రానికీ పబ్లిక్ రిసోర్స్ సంస్థకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో పాక్షికంగా సమాధానమిచ్చింది. శాసనసభకు అంగమైన సంఘం అధికార హోదాలో రూపొందించిన శాసన వివరణలకు కాపీరైట్ వర్తించదని 5–4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. ప్రైవేటు రచయితల వ్యాఖ్యలకు మాత్రం ఆ సూత్రం విస్తరించదు.

4. సిబ్బంది: కనిపించిన శ్రమ, కనిపించని శ్రమ:
గ్రంథాలయ సిబ్బంది అందరికీ మహమ్మారి ఒకే అనుభవాన్ని ఇవ్వలేదు. పరామర్శ గ్రంథపాలకులు తమ పనిని ఇంటికి మార్చుకోగలిగారు. విద్యార్థుల సందేహాలను వీడియో సమావేశాలలో తీర్చారు. న్యాయపరిశోధన పద్ధతులను తెరపై బోధించారు. ఆచార్యులకు తెరపాఠాల మెళకువలు నేర్పారు. వారి శ్రమ పెరిగింది, దానితో పాటు గుర్తింపు కూడా పెరిగింది.

పుస్తకాలను అరలలో సర్దేవారు, ఇచ్చిపుచ్చుకునేవారు, స్కాన్ చేసేవారు, అంతర్గ్రంథాలయ వితరణకు ప్రతులు పంపేవారు భవనానికి రాక తప్పని ఉద్యోగులు. ‘కోరిన అధ్యాయాన్ని స్కాన్ చేసి పంపబడును’ అన్న ప్రకటన వెనుక, నిర్జనమైన అరల మధ్య మాస్కు ధరించి పుస్తకం వెదికిన ఒక మనిషి ఉన్నాడు. ద్వారం వద్ద పుస్తకం అందించే సేవకూ అటువంటి మనిషే ఆధారం. ‘దూరసేవ’ అన్న మాట పాఠకుడి వైపు నుండి మాత్రమే నిజం. సాధారణంగా తక్కువ వేతనశ్రేణిలో ఉండే ఉద్యోగులే అధిక సంక్రమణ భయాన్ని మోశారన్నది ఈ చరిత్ర మరువరాని అంశం.

5. పుస్తకానికి క్వారంటైన్:
ఆ భయం ఎంతవరకు సహేతుకమో తేల్చడానికి ఓసీఎల్‌సీ, అమెరికా ప్రభుత్వ మ్యూజియం–గ్రంథాలయ సేవల సంస్థ, బాటెల్ పరిశోధన సంస్థ కలిసి ‘రియల్మ్’ అనే పథకాన్ని చేపట్టాయి. 2020 జూన్‌లో వెలువడిన తొలి ఫలితాల ప్రకారం, విడివిడిగా ఉంచిన పుస్తకాల అట్టలపైన, మూసిన పుటలపైన 3 రోజుల తరువాత వైరస్ గుర్తించదగిన స్థాయిలో లేదు. అదే వస్తువులను ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు అనేకవాటిపై 6 రోజుల తరువాత కూడా అది కనిపించింది. తిరిగివచ్చిన పుస్తకాలను గుట్టలుగా పోయడమే అలవాటైన గ్రంథాలయాలకు ఇది చిక్కు తెచ్చింది. పుస్తకాలను కొన్ని రోజులపాటు పక్కన ఉంచడం అప్పట్లో వ్యాపించిన పద్ధతి. వస్తువులను తాకడం ద్వారా సంక్రమణ జరిగే అవకాశం స్వల్పమని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2021 ఏప్రిల్‌లో స్పష్టం చేశాయి. ఆలోగా ఒక సంవత్సరకాలం సిబ్బంది అనిశ్చితిలోనే పనిచేశారు.

6. రెండు అత్యవసర ద్వారాలు:
అరలలో చిక్కుకున్న గ్రంథాలను పాఠకులకు చేర్చడానికి రెండు ప్రయత్నాలు జరిగాయి. హాథీట్రస్ట్ 2020 మార్చి 31న తాత్కాలిక అత్యవసర సేవను ప్రారంభించింది. సభ్య గ్రంథాలయం వద్ద ముద్రిత ప్రతి ఉండాలి. ఎన్ని ప్రతులు ఉంటే ఒకేసారి అంతమంది మాత్రమే తెరపై చదవాలి. ముద్రిత ప్రతి సాధారణ వితరణకు అందుబాటులోకి వస్తే సేవ ఆగాలి. ఈ నియమాల మధ్య ఆ సేవ వివాదం లేకుండా సాగింది.

ఇంటర్నెట్ ఆర్కైవ్ మార్చి 24న ‘నేషనల్ ఎమర్జెన్సీ లైబ్రరీ’ పేరుతో దాదాపు 14 లక్షల గ్రంథాలకు నిరీక్షణ జాబితాలను తొలగించింది. జూన్ 1న నలుగురు పెద్ద ప్రచురణకర్తలు న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానంలో దావా వేశారు. జూన్ 16న ఆ సేవ ముగిసింది. వ్యాజ్యం అత్యవసర సేవకే పరిమితం కాలేదు. ముద్రిత ప్రతికి ఒక డిజిటల్ ప్రతి చొప్పున అరువిచ్చే మూలపద్ధతినే అది సవాలు చేసింది. 2023 మార్చి 24న జిల్లా న్యాయస్థానం, 2024 సెప్టెంబరు 4న అప్పీలు న్యాయస్థానం ప్రచురణకర్తల పక్షాన తీర్పు చెప్పాయి. గ్రంథాలయం డబ్బిచ్చి కొన్న పుస్తకాన్ని చేతికి ఇవ్వగలదు గాని, అదే పుస్తకాన్ని తెరపై ఇవ్వడానికి ఆ కొనుగోలు చాలదన్నది ఈ తీర్పుల సారాంశం.

7. భారతదేశ పరిస్థితి:
సుప్రీంకోర్టు 2020 మార్చి 23న తనంతట తానుగా వ్యాజ్యాల కాలపరిమితిని మార్చి 15 నుండి పొడిగించింది. ఏప్రిల్ 6న వీడియో విచారణలకు మార్గదర్శకాలిచ్చింది. న్యాయస్థానాలలో గడువు ఆగినా న్యాయవిద్యలో పాఠం ఆగలేదు. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపత్ర వంటి నిధులను ప్రాంగణపు ఐపీ చిరునామా ద్వారానే పొందే చోట, ఇంటికి చేరిన విద్యార్థికి చందా ఉన్నా ప్రవేశం లేని స్థితి ఏర్పడింది. దూరప్రవేశ ఏర్పాట్లు, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ‘ఇన్‌ఫెడ్’ వంటి వ్యవస్థలు అప్పుడే అత్యవసరంగా తోచాయి.

కాపీరైట్ విషయంలో 1957 నాటి భారత చట్టం కొంత ఉదారమైనది. సెక్షన్ 52(1)(i) బోధనలో భాగంగా ప్రతులు తీసుకోవడాన్ని అనుమతిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫోటోకాపీ వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ మినహాయింపును సూత్రప్రాయంగా విశాలార్థంలో గ్రహించింది. అది కాగితపు ప్రతుల వివాదం. డిజిటల్ ప్రతుల ప్రశ్న అక్కడ తలెత్తలేదు. 2012లో చేర్చిన సెక్షన్ 52(1)(n) లాభాపేక్షలేని పౌరగ్రంథాలయం తనవద్ద ఉన్న గ్రంథాన్ని పరిరక్షణ నిమిత్తం డిజిటల్‌గా భద్రపరచుకోనిస్తుంది. భద్రపరచడం వేరు, దూరపాఠకునికి ఇవ్వడం వేరు. తీర్పుల మూలపాఠం ప్రజలదేనని, సంపాదకుల చేర్పులకు మాత్రం పరిమిత రక్షణ ఉంటుందని 2007 నాటి ఈస్టర్న్ బుక్ కంపెనీ తీర్పు అప్పటికే చెప్పింది. 2023 జనవరిలో ‘ఈ-ఎస్‌సీఆర్’ ద్వారా దాదాపు 34,000 తీర్పులు ఉచితంగా అందుబాటులోకి రావడం ఈ దిశలో ముందడుగు. సుప్రీంకోర్టు తీర్పుల తెలుగు అనువాదాలు కూడా వెలువడుతున్నందున తెలుగు రాష్ట్రాల న్యాయవిద్యార్థులకు ఇది మరింత సన్నిహితమైన విషయం.

8. ముగింపు:
పుస్తకాలు ఉపయోగం కోసమేనన్నది 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ ప్రతిపాదించిన గ్రంథాలయ సూత్రాలలో మొదటిది. మహమ్మారి ఆ సూత్రాన్ని మూడు వైపుల నుండి పరీక్షించింది. తీర్పుల వంటి ప్రజాసంపద అందింది. లైసెన్సు ద్వారా పొందినది ఒప్పందం అనుమతించిన మేరకే అందింది. సొంతంగా కొని అరలలో దాచుకున్నది, ఒక ఉద్యోగి వెళ్లి తెచ్చినప్పుడే అందింది. కనుక న్యాయకళాశాలలు భవిష్యత్తు కోసం చేయవలసిన పనులు కూడా మూడు: ప్రజాసంపదను విస్తరింపజేయడం, చందా ఒప్పందాలలో దూరప్రవేశ హక్కును ముందుగానే రాయించుకోవడం, భవనానికి రాక తప్పని సిబ్బంది రక్షణను, వేతనాన్ని ప్రణాళికలోనే పొందుపరచడం. మొదటి రెండూ సేకరణకు సంబంధించినవి. మూడవది లేనిదే ఏ సేకరణా పాఠకుని చేతికి చేరదు.